మాంసం మానాక పళ్ళెంలో ఏముండాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఇవాళ మధ్యాహ్నం భోజనంలో మటన్ బిర్యానీ ఉంది. ఆ సంగతి తెలిసి కూడా, భోజనానికి గంట ముందు శాకాహారం మీద మాట్లాడమని నన్ను నిలబెట్టిన కమిటీవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వెనక నుంచి వాసన వస్తూనే ఉంది. దోమలగూడ నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ఎంత దూరమో, ఆ చౌరస్తాకు సినిమా హాళ్ళతో పాటు బిర్యానీ ఎంత పేరు తెచ్చిందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నానో తెలిసే మాట్లాడుతున్నాను.

2014లో శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ కింద కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో, తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అంతే. అసలు మన ఊళ్ళల్లో 'కూర' అంటేనే మాంసం. "ఇయ్యాల కూరనా?" అని అడిగితే బెండకాయ గురించి అడిగినట్టు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, యాభై ఏళ్ళు కమ్మగా తిని, 2011లో మానేసినవాణ్ణి నేను. కాబట్టి పుట్టుకతో శాకాహారులైన మిత్రులకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. తింటున్నవాళ్ళతోనే నా మాట.

మానేసిన మొదటి ఆదివారం మా అన్న అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏందిరా, పంతులువైనవా?" అన్నాడు. మా వదిన పాపం, "ముక్కలు తీసేసి చారు పోస్తలే మరిదీ, చారుకేమైతది?" అంది. వదిన మాటకు అందరం నవ్వాం. అన్న మాటకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే అది వేళాకోళం కాదు, అసలు ప్రశ్న అదే. మన సమాజంలో మాంసం తినకపోవడం ఆహారపు అలవాటుగా మిగల్లేదు. ఎవరు ఏ ఇంట్లో పుట్టారో చెప్పే గుర్తయింది. తినేవాడు కింద, తిననివాడు పైన అన్న లెక్క దాని వెనకే వచ్చింది. నేను మానేశానంటే పైమెట్టు ఎక్కాలని చూస్తున్నానేమోనని మా అన్నకు అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే.

మన తరగతి గదుల్లో మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. ఉడకబెట్టిన గుడ్డు తెచ్చుకున్నవాడు డబ్బా మూత అడ్డం పెట్టుకుని తినేవాడు. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. వాడికి ముందే తెలుసు.

ఆ కాలం పోయిందనుకుంటాం. మా అన్న కొడుకు గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానంటే, మూడేళ్ళ కిందట వాడికి గది వెతకడానికి అశోక్ నగర్, చిక్కడపల్లి, దోమలగూడ గల్లీలన్నీ తిరిగాను. 'టు లెట్' అని రాసి, కింద 'ఓన్లీ వెజిటేరియన్స్' అని రాసిన బోర్డులు ఎన్ని చూశానో లెక్క పెట్టలేదు. ఒక ఇంటాయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీరు తింటారా?" అని అడిగారు. నేను తినను, మావాడు తింటాడన్నాను. "మీరుంటానంటే అభ్యంతరం లేదండీ" అన్నారాయన, చాలా మర్యాదగా. ఒకే ఇంట్లో పుట్టిన మా ఇద్దరిలో నాకు తలుపు తెరిచారు, వాడికి మూశారు. శాకాహారం మీద నాకెంత ఇష్టం ఉన్నా, ఆ తలుపులోంచి లోపలికి పోబుద్ధి కాలేదు.

అందుకని నేనెక్కడ మాట్లాడినా ముందు ఈ ముడి విప్పి ఆ తర్వాతే మిగతా మాటలు చెబుతాను. శాకాహారం ఏ ఒక్క కులం సొత్తూ కాదు. మా ఊరికి అంత దూరంలో లేని కొలనుపాకలో జైన మందిరం ఉంది. ఈ తెలుగు నేల మీద వెయ్యేళ్ళ కిందటే జైనులు జీవహింస వద్దన్నారు. లింగాయతులు తినరు. వాళ్ళ మొదటి గురువులు కులాన్ని ధిక్కరించినవాళ్ళు. ఇటు చూస్తే, మన బడికి నాలుగడుగుల్లో రామకృష్ణ మఠం ఉంది. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించిన వివేకానందస్వామి మాంసం తీసుకునేవారు, ఆ సంగతి దాచుకోనూ లేదు. గొప్పతనానికీ కూరకూ లంకె పెడితే ఇలాంటి చోట తెగిపోతుంది.

గాంధీగారి కథ ఈ విషయంలో నాకు చాలా నచ్చుతుంది. ఆయన పుట్టింది శాకాహార కుటుంబంలోనే. కుర్రతనంలో దొంగచాటుగా మాంసం తిన్నాడు. 1888లో లండన్ వెళ్ళేటప్పుడు తల్లికి ఇచ్చిన మాట కోసం తినలేదు గాని, భారతీయులందరూ తింటే బాగుండునని మనసులో ఉండేది. అక్కడ ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార భోజనశాల కనబడింది. గుమ్మం దగ్గర హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం అమ్ముతుంటే కొనుక్కుని చదివాడు. ఆ రోజు నుంచి తాను ఇష్టపూర్వకంగా శాకాహారినయ్యానని రాసుకున్నాడు. అంటే పుట్టుక ఇచ్చినదాన్ని కూడా ఆయన మళ్ళీ సొంతంగా ఎంచుకోవాల్సి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు తినరు కాబట్టి తిననివాళ్ళకు, ఎందుకు తినకూడదో ఆలోచించి మానినవాళ్ళకు తేడా ఉంది. మా అన్నకు నేను చివరికి చెప్పిన జవాబు అదే. "పంతులునైతే కాలేదన్నా, ఆలోచించుకున్న" అన్నాను. ఆయన ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక ఎందుకు మానానో చెప్తాను.

మా చిన్నప్పుడు ఊళ్ళో దసరాకు, బోనాలకు యాటను కోసేవాళ్ళు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి పోగులు వేసుకునేవాళ్ళు. ఆ యాట ఎవరి మందలోదో, ఏ గుట్ట మీద మేసిందో అందరికీ తెలుసు. పట్నం వచ్చాక కూడా మా బాపు ఆదివారం అర కిలో తెచ్చేవాడు. తినేవాళ్ళం తొమ్మిది మందిమి. మనిషికి రెండు ముక్కలొస్తే పండగ. మిగతా పళ్ళెమంతా జొన్నరొట్టె, చారు, ఆకుకూర. నాటుకోడి కోశారంటే ఇంటికి అల్లుడన్నా రావాలి, ఎవరికన్నా జ్వరం తగ్గి నోరు చేదుగానన్నా ఉండాలి.

ఇప్పుడు తినేది ఆ కూర కాదు. షెడ్డులో పుట్టి, ఎండ ఎరగకుండా, ఆరు వారాల్లో రెండు కిలోల బరువెక్కి బండెక్కే బ్రాయిలర్ కోడి. ఆఫీసు క్యాంటీన్‌లో సోమవారం, పిల్లల పుట్టినరోజని మంగళవారం, వండే ఓపిక లేక బుధవారం. రోజూ తినేదానికి పండగ అన్న పేరు కూడా లేదు. కోళ్ళు త్వరగా పెరగడానికి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను దాణాలో కలిపేవాళ్ళు. మిగతా మందులేవీ పనిచేయనప్పుడు ఐసీయూలో మనిషికి ఇచ్చే ఆఖరి మందుల్లో అదొకటి. కోళ్ళకూ పశువులకూ దాన్ని వాడకూడదని కేంద్రం నిషేధం పెట్టింది 2019లో. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నేను మానేసి ఎనిమిదేళ్ళయింది. అయినా ఒళ్ళు జలదరించింది. మా బాపు తెచ్చిన అర కిలో మటన్ మీద నాకు ఈ రోజుకీ ఏ ఫిర్యాదూ లేదు. నేను మానింది ఈ కొత్తదాన్ని. పాతది ఇక దొరకదు కాబట్టి అదీ పోయింది.

ఒంటి సంగతికి వస్తే, మన వయసు వాళ్ళకు అసలు భయం గుండె, షుగర్. ఇక్కడ కూర్చున్న మా బ్యాచ్‌లో స్టెంటు పడనివాళ్ళు చేతులెత్తమంటే ఇబ్బంది పడతాం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. మాంసం మానితే ఇవన్నీ పోతాయని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు 48 వేల మందిని పద్దెనిమిదేళ్ళ పాటు గమనించి 2019లో లెక్కలు చెప్పారు. మాంసాహారులతో పోలిస్తే శాకాహారుల్లో గుండెకు రక్తం అందని జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది. అదే లెక్కలో పక్షవాతం 20 శాతం ఎక్కువగా కూడా కనిపించింది. మొదటి సగం చెప్పి రెండో సగం మింగేసే ఉపన్యాసాలు చాలా విన్నాను. రెండూ చెప్పాలి. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసం విషయంలో మాత్రం మాట ఖరాఖండిగా ఉంది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. మేక, గొర్రె మాంసాన్ని 'బహుశా' అన్న వర్గంలో పెట్టింది. మనవలు సాసేజ్ ముక్కలున్న పిజ్జా తెప్పించుకుంటున్నప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి.

మాంసం మానేసినవాళ్ళను పదిమందిని దగ్గర నుంచి చూశాను. చాలామంది పళ్ళెంలో మాంసం ఉండిన చోటికి ఇంకో రెండు గరిటెల అన్నం, ఆలుగడ్డ వేపుడు, అప్పడం వచ్చి చేరాయి. పెళ్ళిళ్ళలో అయితే పన్నీరు, మీల్ మేకర్ బిర్యానీ. మన దేశంలో మనిషి తినే కేలరీల్లో 62 శాతం వరకు బియ్యం, గోధుమ, చక్కెర లాంటి పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. ఉన్న మాంసకృత్తులు కూడా తీసేసి అన్నం పెంచితే షుగర్ పెరగక ఏమవుతుంది? పుట్టుకతో శాకాహారులైన మా మిత్రుల్లోనూ షుగర్ తక్కువేం లేదు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, రెండు స్వీట్లు శాకాహారమే. కాదన్నదెవరు?

అందుకే మాంసం మానడం కన్నా దాని చోట్లో ఏం పెట్టామన్నది పెద్ద ప్రశ్న. జవాబు దూరంలో లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై, 1958లో మన ఊరికి వచ్చింది. 2024లో వాళ్ళిచ్చిన మార్గదర్శకాల్లో, పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నారు. అన్నం, రొట్టె లాంటి ధాన్యం కేలరీల్లో 45 శాతం దాటకూడదన్నారు. మాంసం తిననివాళ్ళకు పప్పుదినుసులు రోజుకు 85 గ్రాములు కావాలి. మన ఇళ్ళల్లో చారులో గరిటె పెట్టి వెతికితే తగిలే పప్పు ఆ లెక్కకు రాదు. రేపు పొద్దున తూకం వేసి చూడండి, నలుగురికి మీరు వండుతున్న పప్పు ఒక్కరికి సరిపోయేదని తెలుస్తుంది.

బియ్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఈ కెమిస్ట్రీ తెలియకుండానే మన పెద్దవాళ్ళు పప్పన్నం చేశారు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిపప్పు మన గడప ముందరిదే. సాయంత్రం పూట శనగలు, బొబ్బర్లు, పెసర్లు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన గుడాలు ఉండేవి. వాటి జాగాలో మిక్చర్ ప్యాకెట్ వచ్చింది. బతుకమ్మకు మన అమ్మలు కట్టిన సద్దులు గుర్తు చేసుకోండి: నువ్వులు, పల్లీలు, పెసర్ల సత్తు, పెరుగు. తొమ్మిది రోజులు పూల చుట్టూ ఆడిన ఆడవాళ్ళకు ఎంత బలమైన భోజనమో! జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతపు మహిళా సంఘాలవాళ్ళు చిరుధాన్యాల విత్తనాలతో పాటు, ఎవరూ విత్తకుండా చేలల్లో మొలిచే ఆకుకూరలను కూడా కాపాడుకుంటూ వచ్చారు. గంగవాయిలి, పొన్నగంటి వాళ్ళకు కలుపు కాదు, కూర. ఈ సంగతులు మన ఇళ్ళల్లో మూడో తరానికి తెలియవు. నాకీ బాధ మాంసం బాధ కన్నా ఎక్కువ.

రెండు జాగ్రత్తలు, మన వయసువాళ్ళకు ముఖ్యంగా. విటమిన్ బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు వల్ల కొంత అందుతుంది, చాలామందికి చాలదు. పైగా షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో బి12 ఇంకా తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కితే 'షుగర్ వల్లే' అని వదిలేస్తారు. అది బి12 లోటు కూడా కావచ్చు. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెబితే మాత్ర వేసుకోండి. మాత్ర వేసుకుంటే శాకాహారం ఓడిపోయినట్టు కాదు. రెండోది, భోజనం చేసిన వెంటనే ఇరానీ చాయ్. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. గంటన్నా ఆగండి. తినేటప్పుడు కూర మీద నిమ్మకాయ పిండుకుంటే అదే ఇనుము బాగా పడుతుంది. డయాలసిస్ మీదున్న మిత్రులు మాత్రం నా మాట విని పప్పు పెంచొద్దు. మీ లెక్క మీ డాక్టరే చెప్పాలి.

ఈ మాటలన్నీ యాభై దాటి, కడుపు నిండిన మనకు. ఎదిగే పిల్లలకు, కడుపుతో ఉన్న ఆడపిల్లలకు ఇదే మాట చెప్పను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంగన్వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు మీద మనలాంటివాళ్ళం చర్చలు పెట్టడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. అశోక్ నగర్ మెస్సుల్లో నీళ్ళ సాంబారు పోసుకుని, రాత్రి రెండు దాకా చదివే పిల్లవాడికి చవగ్గా దొరికే బలం ఆ గుడ్డొక్కటే. వాడికి పప్పు దండిగా పెట్టే మెస్సు చూపించి, ఆ తర్వాత చెప్పాలి శాకాహారం గురించి.

ఈ ఊరికి ఇలాంటి సర్దుబాట్లు కొత్తేం కాదు. మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. అదే రోజు బత్తిని కుటుంబంవాళ్ళు ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. శాకాహారులకు అదే మందును బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న వాదన ఇప్పుడు వద్దు. ఇచ్చేవాళ్ళు ఎవరినీ నీ కులమేంటని అడగరు. చేపా, బెల్లమా అని అడుగుతారు. అంతే.

వాతావరణం గురించి కూడా మాట్లాడమని సెక్రటరీగారు చీటీ పంపారు. నాలుగు ముక్కలు చెప్తాను. నెమరువేసే పశువుల కడుపులోంచి మీథేన్ వస్తుంది, నిజమే. నీళ్ళు నిలిచిన వరి మడిలోంచి కూడా వస్తుంది. కాబట్టి పెరుగన్నం తినేవాడు మటన్ తినేవాడికి పాఠం చెప్పే ముందు తన పళ్ళెం చూసుకోవాలి. మనిషి తినగలిగే మక్కలు, సోయా పెట్టి పెంచే కోడి మీద నాకు అభ్యంతరం ఉంది. రాళ్ళ గుట్ట మీద తుప్పలు మేసే మేక మీద అంత లేదు. మనం తినలేనిదాన్ని అది తింటుంది. దాని వెనక గొల్ల కురుమల బతుకుంది. నేను తినను. అయినా వాళ్ళది తప్పుడు వృత్తి అనే నోరు నాకు లేదు.

మా ఇంట్లో సంగతి అడుగుతారు. నా భార్య ఇప్పటికీ తింటుంది, పండగలకు వండుతుంది. ఉప్పు చాలిందో లేదో చూడమని ఒకప్పుడు నన్నే పిలిచేది, ఇప్పుడు కోడలిని పిలుస్తుంది. మా అన్నకు పోయినేడు బైపాస్ అయింది. డాక్టర్ మటన్ వద్దన్నాడు. ఫోన్ చేసి, "అరేయ్, ఆ బొబ్బర్ల గుడాలు మీ ఇంట్ల ఎట్ల చేస్తరు, వదినెకు చెప్పు" అన్నాడు. పంతులు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా బ్యాచ్ వాళ్ళం ప్రతి రెండో ఆదివారం పొద్దున ఆరింటికి ఇందిరా పార్కులో నడుస్తాం. నడక అయ్యాక గేటు దగ్గర బెంచీల మీద కూర్చుంటాం. గుడాలు నేను తెస్తాను. ఎవరైనా రావచ్చు, ముందు రోజు రాత్రి ఒక మెసేజ్ పెట్టండి, దాన్నిబట్టి నానబోస్తాను. ఇప్పుడు భోజనానికి లేవండి, బిర్యానీ చల్లారుతోంది. పప్పు గిన్నె మాత్రం ఎడమ వైపు రెండో బల్ల మీద ఉంది, ముద్దపప్పే, నేనే చెప్పి చేయించాను.